శుక్రవారం గడప దాటని మట్టి

ఇంక్యుబేటర్ తలుపు తీశాను. వాన వాసన రాలేదు.

ఏదో ప్రమాదం జరిగిందని నాకు తెలిసింది సరిగ్గా ఆ క్షణంలోనే. బాక్టీరియా పెంచే పళ్ళేలు ఇంకా చూడలేదు, బర్నర్ వెలిగించలేదు, ఒక చేతికి గ్లవ్స్ సగమే ఎక్కింది. రోజూ ఆ తలుపు తీయగానే తొలి చినుకులు పడ్డ పెరటి వాసన ముఖానికి కొట్టేది. ఆ వేసవిలో బెంగళూరులో ఒక్క చినుకు పడలేదు గానీ, మా కాలేజీ ల్యాబ్ మూలన ఆ తెల్లటి ఇనుప పెట్టెలో మాత్రం రోజూ వాన కురిసేది. ఆ రోజు తలుపు తీస్తే వచ్చింది వట్టి వేడి గాలి. ఉడికిన బంగాళాదుంప వాసన కొంచెం.

పళ్ళేలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. సుద్దపొడి చల్లినట్టు తెల్లగా గరుగ్గా, తిరగేస్తే అడుగున ఇటుక రంగుతో ఉండాల్సిన మా బాక్టీరియా మైనం చుక్కల్లా నున్నగా మెరుస్తోంది. రంగు లేదు, పొడి లేదు. గుండు కొట్టించుకున్నట్టుంది.

"మేడమ్!" అని పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ వచ్చారు. పళ్ళెం ఎత్తి చూశారు. మూత మీదుగానే వాసన పీల్చి, దించేశారు. సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. ముందు వేళ్ళ సందులు, తర్వాత గోళ్ళ కింద, ఆపైన మోచేతుల దాకా. మా మేడమ్ తన ముఖం ఎవరికీ చూపించకూడదనుకున్నప్పుడు చేతులు కడుక్కునేవారు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. మాకు తెలుసని ఆవిడకి తెలియదు.

"బాగా మేపేసినామప్పా దీన్ని," అన్నారు ఇటు తిరక్కుండానే. "మేపినామని ఎందుకనాల? మేపింది నేనే."

ఇన్నేళ్ళ తర్వాత, నిన్న మా మేడమ్‌ని మట్టిలో పెట్టి వచ్చాం. పిల్లలిద్దరూ పడుకున్నారు. చిన్నవాడికి దుప్పటి మూడోసారి కప్పి వచ్చి, వంటింటి బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. సంతాపం రాద్దామని కూర్చుంటే చేతికి ఆ వేసవి తగులుతోంది. నా ఒంట్లో రక్తం అంత వేగంగా పరిగెత్తిన రోజులు మళ్ళీ రాలేదు.

ఆవిడది తాతల కాలం నుంచీ బెంగళూరే. నేను ఒంగోలు నుంచి వచ్చినదాన్ని. మొదట్లో ఆవిడ తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. ఆడా మగా తేడా లేకుండా అందర్నీ "అప్పా" అనేవారు. నన్నూ అప్పా అనేవారు, ప్రిన్సిపాల్‌నీ అప్పా అనేవారు, పళ్ళెంలో మొలవని బాక్టీరియానీ అప్పా అనేవారు. "ఏమప్పా, అలిగినావా? ఇంగ రెండు దినాలు చూస్తా, అంతే." ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులూ ల్యాబ్. సామాన్లని ఆవిరిలో ఉడికించి శుద్ధి చేసే ఆటోక్లేవ్ మూత బిగించాక కళ్ళు మూసుకుని ఒక చిన్న ప్రార్థన చేసేవారు. ఒకసారి నేను కూడా భక్తిగా నిలబడితే, ఒక కన్ను తెరిచి చూసి, "ప్రభువు చూసుకుంటాడు లేప్పా. లేబుల్ మాత్రం నువ్వే రాయాల," అన్నారు.

ఆవిడ గురించి ఒక్క సంగతే చెప్పమంటే చిటికెన వేలు సంగతి చెబుతాను. గాజుగొట్టం మూతి తెరిచినప్పుడు దూది బిరడాని కింద పెట్టకూడదు. పెడితే బల్ల మీది దుమ్మంతా దానికంటుకుంటుంది. కుడిచేతి చిటికెన వేలితో పట్టుకుని, అదే చేత్తో పని చేసుకుని, గొట్టం మూతిని మంట మీద ఒకసారి తిప్పి మళ్ళీ బిగించాలి. మేమందరం నేర్చుకున్నదే. కానీ ఆవిడకి అది ల్యాబ్ అలవాటు కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. పంచదార డబ్బా మూతా చిటికెన వేల్లోనే, మంచినీళ్ళ సీసా మూతా చిటికెన వేల్లోనే. కాలేజీ క్యాంటీన్‌లో ఒకసారి పచ్చడి సీసా మూత అలా పట్టుకుని వడ్డించి, బిగించే ముందు మంట కోసం చుట్టూ వెతికారు. మేము పగలబడి నవ్వితే, "నవ్వండప్పా, నవ్వండి. బూజు పడితే ఏడ్చేది మీరే," అన్నారు.

ఆ బాక్టీరియా మాకు దొరికింది దేవనహళ్ళి దగ్గర ఒక పంపరపనస తోటలో. అప్పుడు శిల్ప కూడా మాతోనే ఉండేది. నాకంటే ముందు ఆ ల్యాబ్‌లో చేరిన అమ్మాయి. ముగ్గురం ఏదో పని మీద అటు వెళ్తుంటే మేడమ్ ఉన్నట్టుండి కారు ఆపించారు. చెట్ల కింద మట్టి నల్లగా, వదులుగా, ఎండుటాకులతో ఉంది. స్పూను సంచిలోంచి తీసి, లైటరు మీద కాల్చి, చల్లారనిచ్చి, పై మట్టి పక్కకి నెట్టి లోపలి మట్టి తీస్తున్నారు. తోట యజమాని వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మేడం, మన్ను తినేకి తీసుకుపోతా ఉండారా? ఎవరికి, ఈ పాపకా?" అన్నాడు నా వైపు చూసి. కడుపుతో ఉన్నవాళ్ళకి మట్టి మీదకి మనసు పోతుందని కదా.

నాకు అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. చెవులు కాలిపోయాయి.

"ఆ పాపకి కాదప్పా," అన్నారు మేడమ్ తల ఎత్తకుండానే. "నాకే. ఈ వయసులో పుట్టుకొచ్చింది కోరిక."

ఆయన నవ్వి నవ్వి, పోతూ పోతూ మాకు తలా ఒక పంపరపనస ఇచ్చాడు.

ఆ మట్టిని ఆరబెట్టి, నీళ్ళలో కలిపి, పలచన చేసి, మళ్ళీ పలచన చేసి, పళ్ళేల మీద పరిచాం. రోజుల తర్వాత ఒక పళ్ళెం అంచున ఆవగింజంత తెల్లటి చుక్క లేచింది. ఎవరికీ పట్టలేదు. మేడమ్‌కి పట్టింది. "వీడు మూల నక్కి ఉండాడు. మూల నక్కినోళ్ళే ఏదో దాస్తా ఉంటారు," అన్నారు.

ఒక బాక్టీరియా ఎవరో గుర్తుపట్టడం ఎలాగో ఆవిడ కొత్తవాళ్ళకి ఎప్పుడూ ఒకే పోలికతో చెప్పేవారు. "సంబంధం చూసేకి పోతే ఏమేమి అడుగుతారు? ఏం తింటాడు, ఏం తినడు, ఎండకి తాళతాడా, చుట్టాలెవరు, ఇంటిపేరేంది. మనం అడిగేదీ అదే. కాకపోతే ఈ పెళ్ళికొడుకు నోరు తెరవడు. పెట్టి చూడాల, మాడ్చి చూడాల." అలాగే పెట్టి చూశాం, మాడ్చి చూశాం. మా భాషలో దీన్ని క్యారెక్టరైజ్ చేయడం అంటారు. రకరకాల చక్కెరలు చిన్న చిన్న గొట్టాల్లో పోసి ఏది తింటే ఏ రంగు మారిందో చూశాం. ఉప్పు పెంచుకుంటూ పోయాం. వేడి పెంచాం, తగ్గించాం. పులుపులో పెట్టాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్నచోటికి పంపిస్తే, సన్నటి తీగల చివర ముత్యాల పేరులా చుట్టుకున్న బీజాల బొమ్మ వచ్చింది. ఆ బొమ్మని శిల్ప తన ఫోన్‌కి వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. చివరికి జన్యువులు చదివించి, అందరికీ తెలిసిన బాక్టీరియాలతో పోల్చి చూశాం. ఫలితం వచ్చిన రోజు మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇంటిపేరు దొరికింది. చుట్టాలున్నారు, శానా దూరం చుట్టాలు. పేరు మాత్రం వీడికి ఇంతవరకూ ఎవురూ పెట్టలేదప్పా! ఎవురూ పెట్టలేదు!"

ల్యాబ్ అంతా అరుపులు. పక్క గది కెమిస్ట్రీ వాళ్ళు ఏదో పేలిందనుకుని పరిగెత్తుకొచ్చారు.

ఆవిడకి అది ఎంత పెద్ద విషయమో చెప్పాలి. ఏళ్ళ తరబడి ఊళ్ళో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆవిడ దగ్గరికే పంపేవారు. బొమ్మసంద్ర ఫ్యాక్టరీల నీళ్ళలో ఏదో మొలిచిందంటే, ఎవరి పెరుగో పాడైందంటే, ఇది ఫలానా అని చెప్పేవారు. అన్నీ ఎవరో ఎప్పుడో పేరు పెట్టినవే. తన చేతుల మీదుగా లోకానికి పరిచయమైనది ఒక్కటీ లేదు. ఇది ఒక్కటే. ఆ వేసవి దాటితే ఆవిడ రిటైర్మెంటు. ల్యాబ్‌ని కంప్యూటర్ గది చేస్తామని కాలేజీ అప్పటికే కొలతలు తీసుకుంది.

కొత్త బాక్టీరియాకి పేరు నిలవాలంటే ఒక నియమం ఉంది. కాగితం మీద వర్ణన ఎంత బాగా రాసినా చాలదు. ప్రాణంతో ఉన్నదాన్ని రెండు దేశాల్లో, రెండు భాండాగారాల్లో దాచాలి. రేపు ఎవరడిగినా తీసి ఇవ్వగలగాలి, ఇచ్చినది వర్ణనకి సరిపోవాలి. రెండు చోట్లకీ పంపాలంటే ఎక్కువ పంట కావాలి. ఇది చూస్తే పలచటి గంజిలాంటి తిండి మీద నెమ్మదిగా పెరిగే రకం. సెలవులు ముంచుకొస్తున్నాయి. "తిండి తక్కువ పెట్టండి, దీన్ని మట్టి అనుకోనీయండి" అని ఇన్నేళ్ళూ మా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషే, ఆ కంగారులో మాంసపు సారం కలిపిన చిక్కటి ద్రవం పెట్టమన్నారు. పాలపొంగులా పెరిగింది. అందులోంచి తీసి మళ్ళీ అందులోనే, మళ్ళీ అందులోనే పెంచాం. ఆకలిగా ఉన్నప్పుడే అది బీజాలు కట్టుకుంటుంది, రంగు పూసుకుంటుంది, వాన వాసన వేస్తుంది. రోజూ విందు భోజనం దొరికితే ఆ పాట్లన్నీ ఎందుకు పడుతుంది? మెల్లగా అన్నీ మరిచిపోయింది. మొదటి పళ్ళేల వాసన పెట్టెలో ఉన్నన్నాళ్ళూ మాకు తెలియలేదు, వాటిని పారేశాకే బయటపడింది.

వాసన రాని ఆ రోజే విదేశం నుంచి మెయిల్ కూడా వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీరు పంపినది మీ వర్ణనకి సరిపోవడం లేదు, మళ్ళీ పంపగలరా అని. ఫ్రీజర్‌లో దాచినవి తీసి మొలకెత్తించాం. అవీ ఆ చిక్కటి ద్రవం బిడ్డలే, అవీ గుండుతోనే లేచాయి. అంతకు ముందు దాచినవి, కిందటి వేసవిలో ఫ్రీజర్ చెడిపోయినప్పుడే పోయాయి.

"మళ్ళీ తోటకి పోదాం," అన్నారు మేడమ్. "వాడు ఆడ పుట్టినోడే గదా. వాడి అన్నాదమ్ములు ఆడే ఉంటారు."

ఒక శుక్రవారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. శిల్ప అప్పటికి పెళ్ళి చేసుకుని బొమ్మసంద్రలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. మేడమ్ చేతిలో పాత టిఫిన్ క్యారియర్. దాని మీద ఎర్రటి నెయిల్ పాలిష్‌తో 'తినరాదు' అని రాసి ఉంటుంది. లోపల బాక్టీరియా తిండి పోసి గడ్డకట్టించిన, ఇంకా ఏదీ చల్లని పళ్ళేలు. అవి లేకుండా ఆవిడ ఊరు దాటరు.

తోట లేదు. ఎర్రటి నేల చాపలా చదును చేసి ఉంది. పసుపు రంగు పూసిన హద్దు రాళ్ళు వరసగా. నల్ల మట్టి జాడ లేదు, ఎక్కడినుంచో తెచ్చిన మొరం తోలారు. మేడమ్ రాళ్ళ మధ్య అటూ ఇటూ నడిచారు. వంగి ఒక గుప్పెడు తీసి, వాసన చూసి, వదిలేశారు.

"మనోడి ఇల్లు పోయిందప్పా," అన్నారు. చేతులు కడుక్కోవడానికి అక్కడ నీళ్ళు కూడా లేవు.

రోడ్డు పక్కన టీ బండి దగ్గర కూర్చున్నాం. మేడమ్ పంచదార డబ్బా మూత చిటికెన వేలికి తగిలించుకుని, చెంచా డబ్బాలోనే ఉంచి, అలాగే ఆగిపోయారు.

"శిల్ప పెళ్ళికి నేనేమిచ్చినాను?"

"మట్టి, మేడమ్."

అన్నాక గానీ నాకు వెలగలేదు. ల్యాబ్ వదిలి వెళ్ళే ప్రతి అమ్మాయికీ ఆవిడ ఒకే కానుక ఇచ్చేవారు. ఆ అమ్మాయి పని చేసిన బాక్టీరియా బీజాలను, అది పుట్టిన చోటి మట్టినే కాల్చి శుద్ధి చేసి, అందులో కలిపి ఆరబెట్టి, గాజుగొట్టంలో పోసి, మైనంతో మూసి, రిబ్బను కట్టి. పొడి మట్టిలో అవి ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. పెళ్ళి పందిట్లో చీరల మధ్య, వెండి సామాన్ల మధ్య ఆ గొట్టాన్ని చూసి శిల్ప తరఫు పెద్దలు ముఖాలు చూసుకున్న సంగతి నాకు గుర్తుంది. శిల్ప పెళ్ళి మేము చిక్కటి ద్రవం జోలికి పోకముందే అయింది!

మేడమ్ డబ్బా మూత బిగించారు. టీ తాగలేదు. "లేయప్పా, లేయ్!"

శిల్పకి ఫోన్ చేస్తే ఎత్తదు. ఫ్యాక్టరీలో ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. అత్తవారిల్లు వర్తూరు పాత ఊళ్ళో. ఒక బస్సు, ఇంకో బస్సు, ఆటో. దారి పొడవునా నా తలలో ఒకటే భయం. పారేసి ఉంటారు. ఏ ఇల్లాలు దాస్తుంది, గాజుగొట్టంలో మట్టి? తులసి కుండీలో పోసేసి ఉంటారు. మేడమ్ మాత్రం క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆటో డ్రైవర్‌ని కన్నడంలో "స్వల్ప బేగ హోగప్పా" అని, కొంచెం త్వరగా పొమ్మని బతిమాలుతున్నారు.

శిల్ప అత్తగారు తలుపు తీశారు. తలంటు పోసుకుని జుట్టు ముడి వేసుకున్నారు. "శిల్ప డ్యూటీకి పోయింది. రండి, కూచోండి, కాఫీ పెడతా."

"కాఫీ తర్వాతమ్మా," అన్నారు మేడమ్ గుమ్మంలోనే. "పెళ్ళికి నేనిచ్చిన మన్ను ఉండాదా?"

"ఉండాదే! యాడికి పోతాది? దేవుడి గూట్లో పెట్టినా."

దేవుడి గూట్లో, పటాల పక్కన, మా గాజుగొట్టం. దాని పొట్ట మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు, దాని పైన కొత్త బొట్టు. ఏదో పుణ్యక్షేత్రం మట్టి అనుకున్నారట ఆవిడ. "పెద్దమనిషి పెళ్ళికి మన్ను ఇచ్చిందంటే ఊరికే ఇస్తాదా? ఏదో ఉంటాదని, దినమూ పూజ చేస్తా ఉండా."

మైనం చెక్కు చెదరలేదు. నేను ఎగిరి గంతేయబోయాను. మేడమ్ చెయ్యి చాచారు.

"తీసుకుపోతామమ్మా. మాకు శానా అవసరం పడింది."

అత్తగారు గూటికి అడ్డంగా నిలబడ్డారు. "ఈ దినమా? శుక్రవారం! శుక్రవారం పూట దేవుడి గూట్లో మన్ను గడప దాటిస్తే ఇంగ ఈ ఇంట్లో ఏం నిలుస్తాది? అయినా ఇచ్చింది నా కోడలికి. ఇచ్చింది మళ్ళీ అడగొచ్చునా?"

నేను జన్యువులు, విదేశాలు, రిటైర్మెంటు అన్నీ కలిపి ఏదో చెప్పబోయాను. ఆవిడ చెవులు అప్పటికే మూసుకున్నారు. మేడమ్ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"నిజమేనమ్మా. ఇచ్చింది అడగకూడదు," అన్నారు. "మన్ను మీ గూట్లోనే ఉండనీ. ఒక్క చిటికెడు, ఈ ఇంట్లోనే, మీ పొయ్యి దగ్గరే, మీ ముందరే చల్లుకుంటా. ఈ రాత్రికి ఈ పళ్ళేలు కూడా ఈడే ఉంటాయి. రేపు శనివారం గదా, పళ్ళేలు మాత్రం తీసుకుపోతా. మీ మన్ను మీదే."

ఆవిడ ఆలోచించారు. "గడప దాటదు గదా?"

"దాటదు."

తర్వాత జరిగినదాన్ని నేను ఎన్ని సార్లు తలుచుకున్నానో. మేడమ్ వంటింట్లోకి వెళ్ళారు. కొంగు దోపుకున్నారు. మోచేతుల దాకా చేతులు కడిగారు, ఈసారి ముఖం దాచుకోవడానికి కాదు. పొయ్యి గట్టు తుడిచారు, ఆరనిచ్చి స్పిరిట్‌తో మళ్ళీ తుడిచారు. ఫ్యాను ఆపించారు. కిటికీ మూయించారు. "ఇంగ ఎవురూ మాట్లాడొద్దు. నోటి తుంపర పడతాది," అన్నారు. గ్యాస్ వెలిగించారు. స్పూను ఎర్రగా కాల్చారు. మైనం తీసి, బిరడాని చిటికెన వేలితో పట్టుకుని, గొట్టం మూతిని మంట మీద తిప్పి, నాలుగు రేణువులు తీసి పళ్ళెం మీద చల్లారు. ఇంకో పళ్ళెం. ఇంకొకటి. ఒక్క వస్తువు ఒక్కదానికి తగల్లేదు. మళ్ళీ మంట, మళ్ళీ బిరడా, మళ్ళీ మైనం.

శిల్ప అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. అంతా అయ్యాక నా పక్కకి జరిగి గుసగుసగా, "అబ్బబ్బ, ఏమి మడి! మా అత్త కూడా ఇంత చేసేది కాదు. ఎవురివాళ్ళు?" అన్నారు.

"మేడమ్ చర్చికి వెళ్తారండి."

ఆవిడ నోటి మీంచి కొంగు తీశారు. "అయితేనేమి? మడి తెలిసిన మనిషి," అని లోపలికి వెళ్ళి, మేడమ్‌కి వెండి గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చారు. గొట్టాన్ని కళ్ళకద్దుకుని గూట్లో పెట్టారు. పళ్ళేలు ఆ రాత్రి బియ్యం డబ్బా మీద పడుకున్నాయి.

మర్నాడు తెచ్చి ఇంక్యుబేటర్‌లో పెట్టాం. ఆ పైన మేడమ్ దాని దగ్గరికి వెళ్ళలేదు. దూరంగా కుర్చీ వేసుకుని, ఏవో కాగితాలు తిరగేస్తూ కూర్చునేవారు. నేను తలుపు మీద చెయ్యి వేస్తే, "పదే పదే తీయొద్దప్పా, అన్నం ఉడికేటప్పుడు మూత తీస్తావా?" అనేవారు. తీయకుండా ఎవరుంటారు? మొదట పళ్ళెం నిండా వట్టి తేమ. తర్వాత సూది మొనల్లాంటివి. అవి నున్నగా వస్తాయా, గరుగ్గా వస్తాయా అని రోజూ వెలుతురుకి ఎత్తి పట్టి చూసేదాన్ని.

ఒక పొద్దున తాళం తీసి ల్యాబ్‌లోకి వచ్చాను. ఇంక్యుబేటర్ తలుపు కొద్దిగా తెరిచాను, అంతే. వాన. తోటంతా తడిసినట్టు వాన.

"మేడమ్! మేడమ్! వచ్చాడు!"

వరండాలోంచి ఆవిడ, వెనకే మిగతా అమ్మాయిలూ పరిగెత్తుకొచ్చారు. ఆ వయసులో ఆవిడ పరుగెత్తగలరని నాకు తెలియదు. పళ్ళెం తీసి చూశారు. సుద్దపొడి. తిరగేశారు. ఇటుక రంగు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తర్వాత, అలవాటు ప్రకారం, గబగబా సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పారు.

ఆ వేసవి గుర్తుందా, ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన వేసవి. కుళాయిలోంచి గాలి మాత్రం వచ్చింది.

ఆవిడ పొడి చేతులతో అలాగే నిలబడిపోయారు. ఇక చేసేది లేక మా వైపు తిరిగారు. మొదటిసారి మేమందరం ఆ ముఖం చూశాం. ఎవరో పసిబిడ్డని తెచ్చి చేతిలో పెట్టినట్టు ఉంది.

"ఏంటప్పా అట్లా చూస్తారు?" అన్నారు ముక్కు ఎగబీలుస్తూ. "పనుల్లేవా?"

ఈసారి ఆకలితోనే పెంచి పంపాం. రెండు చోట్ల నుంచీ అంగీకారం వచ్చింది. పేరు దగ్గర మాత్రం గొడవ పడ్డాం. మేమందరం ఆవిడ పేరే పెట్టాలన్నాం. రాసినవాళ్ళు తమ పేరు తాము పెట్టుకోకూడదన్నది ఆ లోకంలో మర్యాద. "అయితే రాసినవాళ్ళలోంచి మీ పేరు తీసేద్దాం మేడమ్" అని శిల్ప ఫోన్‌లో అంటే, "నా పేరు తీసి నా పేరు పెడతావా? ఏం తెలివప్పా నీది!" అన్నారు. చివరికి లాటిన్‌లో 'తోటలోది' అని అర్థం వచ్చే పేరు ఆవిడే పెట్టారు. తోట పోయినా అది తోటలోదే.

నాకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు చూడటానికి వచ్చారు. అప్పుడు నా ఫ్రిజ్ మీద ఒక పెద్ద చార్టు ఉండేది. పాలు ఎన్ని గంటలకి, ఎంతసేపు, ఒంటి వేడి ఎంత, నిద్ర ఎంత. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని పైనుంచి కింద దాకా చదివారు.

"ఏమప్పా, బిడ్డని క్యారెక్టరైజ్ చేస్తా ఉండావా? ఉప్పు ఎంత తాళతాదో కూడా చూసినావా?"

నవ్వాను గానీ చార్టు తీయలేదు. రెండోవాడు పుట్టాక ఇంకా ముదిరింది. గుమ్మం దగ్గర సానిటైజర్, సంచిలో సానిటైజర్, స్కూలు బ్యాగుకి వేలాడే సానిటైజర్. మట్టిలో ఆడితే క్రిములు అని రోజుకి ఎన్నిసార్లు అంటానో నాకే తెలియదు. ఆవిడ దగ్గర చదువుకున్నదాన్ని నేను! ఒకసారి నా అరుపు ఫోన్‌లో విని, "అవి నీకంటే ముందు నుంచీ ఉండాయి గదప్పా ఈడ. స్వల్ప మర్యాద ఇయ్యి," అన్నారు.

నిన్న సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన ముగించాక, అందరూ తలా ఒక గుప్పెడు మట్టి వేస్తున్నారు. శిల్ప వేసింది. శిల్ప పక్కన వాళ్ళ అత్తగారు కూడా వచ్చి వేశారు. నేను వేశాను. నా కూతురు మాత్రం చేతులు వెనక్కి దాచుకుంది. ఏడేళ్ళది. "క్రిములుంటాయి," అంది. ఇంటికొచ్చే దారిలో కారు వెనక సీట్లోంచి అడిగింది. "అమ్మా, ఆ అమ్మమ్మని క్రిములు తినేస్తాయా?" నాలుగేళ్ళ తమ్ముడు ఆ మాటకి ఏడుపు మొదలెట్టాడు. ఇంటికి రాగానే ఇద్దరికీ చేతులు కడిగించాను. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మోచేతుల దాకా. కుళాయి ముందు నిలబడి ఎవరి ముఖం దాస్తున్నానో నాకప్పుడు తెలిసింది.

ఈ రోజు పొద్దున స్కూలు బస్సుకి టైమవుతోంది. నా కూతురు నీళ్ళ సీసా నింపుకుంటోంది. మూత చిటికెన వేలితో పట్టుకుని ఉంది. నేను ఎప్పుడూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుని ఉంటుంది.

ఇద్దర్నీ వంటింటి గట్టు మీద కూర్చోబెట్టాను.

"నిన్న అడిగావు కదా," అన్నాను. "తింటాయి. అబద్ధం చెప్పను. మెల్లగా, కొంచెం కొంచెంగా తింటాయి. వాటిలో ఒకదానికి ఆ అమ్మమ్మే పేరు పెట్టింది. అది చచ్చిపోబోతుంటే దాని కోసం ఊరంతా పరిగెత్తింది. వాన పడగానే వాసన వస్తుంది చూడు, ఆ వాసన తెచ్చేది అలాంటివే. అవి ఇప్పుడు రెండు దేశాల్లో ఉన్నాయి, మన వర్తూరులో శిల్ప ఆంటీ వాళ్ళ దేవుడి గూట్లోనూ ఉన్నాయి. ఆదివారం వెళ్దాం, చూపిస్తాను. తర్వాత, నిన్న నువ్వు మట్టి వేయలేదు కదా, అక్కడికి కూడా వెళ్ళి ఒక గుప్పెడు వేసి వద్దాం. భయం లేదు, కన్నా. అమ్మమ్మ వెళ్ళింది తెలిసినవాళ్ళ దగ్గరికే."